డిక్కీ ఉన్న కారా, లేని కారా?

2019 దసరా ముందు మా ఇంట్లో నెల రోజుల పాటు ఒకటే చర్చ. స్విఫ్టా, డిజైరా? పాత కారు పదకొండేళ్లు సేవ చేసి అలిసిపోయింది. కొత్తది కొనాలని అందరం ఒప్పుకున్నాం. ఏది కొనాలన్న దగ్గరే పేచీ వచ్చింది.

మావారిది డిజైర్ పార్టీ. "వెనక డిక్కీ ఉంటేనే కారుకి నిండుతనం" అంటారు. మా ఆడపడుచు ఫోన్లో "అన్నయ్యా, ఈ వయసులో మళ్లీ చిన్న కారేంటి?" అని వంత పాడింది. స్విఫ్ట్ పార్టీలో నేనొక్కదాన్నే. అత్తయ్య ఎటూ చేరలేదు. వింటూ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చునేవారు.

షోరూమ్‌కి వెళ్లాం. అక్కడి అబ్బాయి టెస్ట్ డ్రైవ్ తాళం మావారి చేతిలో పెట్టి, నా చేతికి రంగుల కార్డు ఇచ్చాడు. "మేడమ్, కలర్ మీరు సెలెక్ట్ చేయండి" అన్నాడు. పాపం, అతని తప్పేం లేదు. నడిపేది నేనని మా ఇంట్లోనే ఎవరికీ గుర్తు రాలేదు.

రంగుల కార్డు పక్కన పెట్టి, రెండు కార్ల కాగితాలు తీసుకుని చదివాను. పెట్రోల్ ఇంజిన్ రెండిటికీ ఒకటే, 1197 సీసీ. వెడల్పు ఒకటే. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరమూ ఒకటే, 2450 మిల్లీమీటర్లు. పొడవులో మాత్రం స్విఫ్ట్ 3840, డిజైర్ 3995. మన దేశంలో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకి పన్ను తక్కువ. 2008లో వచ్చిన మొదటి డిజైర్ ఆ గీత దాటి ఉండేది. 2012లో తోక కత్తిరించి గీత లోపలికి తెచ్చారు. అంటే మావారు చెప్పే ఆ నిండుతనం కూడా పన్ను లెక్క చూసుకుని కుట్టించిందే! ఇక సామాను చోటు స్విఫ్ట్‌లో 268 లీటర్లు, డిజైర్‌లో 378. ఒక పెద్ద సూట్‌కేసు తేడా అనుకోండి. డబ్బులో తేడా మాకు చెప్పినదాని ప్రకారం అరలక్ష దాకా ఉంది.

"ఊరెళ్లినప్పుడు బియ్యం బస్తా, పచ్చడి జాడీలు, పిల్లల బ్యాగులు ఎక్కడ పెడతావ్?" అన్నారు మావారు.

ఆ రాత్రి గోడ క్యాలెండర్ దింపాను. పాలు, గ్యాసు, అత్తయ్య డాక్టరు, అన్నీ దాని మీదే రాసుకుంటాను. లెక్కపెడితే ఆ ఏడాది మేం కారులో ఊరెళ్లింది నాలుగుసార్లు. అత్తయ్యని మోకాళ్ల ఫిజియోథెరపీకి తీసుకెళ్లింది వారానికి రెండుసార్లు. పాప సంగీతం క్లాసు, బాబు స్కూల్ బస్సు తప్పిపోయిన రోజులు, రైతు బజారు సరేసరి. మావారు ఆఫీసుకి మెట్రోలో వెళ్తారు. పొద్దున్నే కాఫీతో పాటు ఆ క్యాలెండర్ ఆయన ముందు పెట్టాను.

"నాలుగు ప్రయాణాల కోసం కొందామా, మిగతా రోజుల కోసం కొందామా? నడిపేది నేనండీ" అన్నాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత కుట్టుమిషన్ టేపు పట్టుకుని ఇద్దరం సెల్లార్‌లోకి దిగాం. మా పార్కింగ్ చోటు వెనక గోడ, ముందు అందరి స్కూటర్లూ తిరిగే దారి. పదిహేను సెంటీమీటర్లంటే కాగితం మీద ఏమీ కాదు. అక్కడ మాత్రం స్కూటర్ హ్యాండిల్ గీసుకోకుండా వెళ్లడానికి సరిపోయే చోటు. పైగా స్విఫ్ట్ వెనక అద్దం దగ్గరే దాదాపు కారు అయిపోతుంది. రివర్స్ చేసేటప్పుడు నా కంటికి ఆనని తోక ఉండదు.

గెలిచేశాననుకున్నాను. కానీ రెండోసారి షోరూమ్‌కి అత్తయ్యని తీసుకెళ్లి రెండు కార్లలోనూ వెనక కూర్చోబెట్టేసరికి నా నోరు మూతపడింది. డిజైర్ వెనక సీట్లో కాళ్లకి చోటు బాగా ఎక్కువ. వెనక్కి ఏసీ గాలి కూడా వేరుగా వస్తుంది. స్విఫ్ట్‌లో ఆవిడ మోకాళ్లు ముందు సీటుకి దగ్గరగా ముడుచుకున్నాయి. నా పార్కింగ్ సుఖం కోసం ఆవిడ మోకాళ్లని బలిపెడతానా? "డిజైరే తీసుకుందాం లెండి" అనేశాను.

అప్పుడు అత్తయ్య నోరు విప్పారు. "ఉండవే అమ్మాయ్. నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేది నువ్వే కదా? నువ్వు నడుపుతుంటే ముందు సీటు ఖాళీయే కదా? వెనక కూర్చుంటే నువ్వు చెప్పేది నాకు సగం వినపడదు. నేను ముందే కూర్చుంటా."

పాత కారులో పదకొండేళ్లు ఆవిడ వెనకే కూర్చున్నారు. పెద్దవాళ్లు వెనక హాయిగా కూర్చోవాలని మేమే అనుకున్నాం. ఆవిడని ఎప్పుడూ అడగలేదు.

స్విఫ్టే వచ్చింది. మావారి మాటా అబద్ధం కాదు. ఆ సంక్రాంతికి ఊరి నుంచి తిరిగొస్తుంటే వెనక చోటు చాల్లేదు. అత్తయ్యకి ముందు సీటిచ్చి, నేను పిల్లల మధ్య ఇరుక్కుని, అరిసెల డబ్బా ఒళ్లో పెట్టుకుని హైదరాబాద్ దాకా వచ్చాను. అద్దంలోంచి చూసి మావారు "డిక్కీ..." అని ఒక్క మాట అని ఊరుకున్నారు. నేనూ ఏమీ అనలేదు. అది నేను ఒప్పుకున్న ఖరీదు.

మీ ఇంట్లోనూ ఇలాంటి చర్చ నడుస్తుంటే, షోరూమ్‌కి వెళ్లేముందు గోడ క్యాలెండర్ ఒకసారి దింపి చూడండి. ఎవరు నడుపుతారో, ఎవరు ఎక్కడ కూర్చోవాలనుకుంటున్నారో అడగండి.

ముందు సీట్లోకి వచ్చాక అత్తయ్య చాలా కబుర్లు చెప్పారు. పెళ్లికి ముందు అన్నగారి సైకిల్ చాటుగా తొక్కేవారట. పెళ్లయ్యాక మళ్లీ ముట్టుకోలేదట. ఇన్నేళ్లలో ఆ సంగతి మావారికీ తెలియదు. ఇప్పుడు సిగ్నల్ దగ్గర నాకంటే ముందు ఆవిడే చూస్తారు. "పచ్చ పడింది, పోనీ పోనీ" అంటారు.