పథకానికి ప్రోగ్రెస్ కార్డు!

పిల్లాడికి మూణ్నెల్లకోసారి పరీక్ష. మార్కులు తగ్గితే ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెట్టించుకోవడానికి వాడు పడే తిప్పలు ఇంటింటికీ తెలిసినవే. మరి ఆ పిల్లాడి పేరు చెప్పి పుట్టుకొచ్చే పథకాల మాటేమిటి? వాటికి పరీక్ష పెట్టేదెవరు? మార్కులు వేసేదెవరు?

ఏటా జూన్ వచ్చిందంటే లెక్కలు బయటికొస్తాయి. ఇన్ని లక్షల పుస్తకాలు పంచాం, ఇన్ని వేల గదులు కట్టాం, ఇంతమంది టీచర్లకు శిక్షణ ఇచ్చాం... అంకెలు ఘనంగానే ఉంటాయి. కానీ అవన్నీ ఖర్చు లెక్కలు. ఎంత వండారో చెబుతాయి తప్ప ఎవరి కడుపు నిండిందో చెప్పవు. పోనీ, మార్కులు పెరిగాయని చూపించినా అంత తేలిగ్గా నమ్మడానికి లేదు. ఆ ఏడు పంటలు బాగా పండి, వలస పోవాల్సిన కుటుంబాలు ఊళ్లోనే ఉండిపోయాయేమో! వీధి చివర కొత్తగా ట్యూషన్ మొదలైందేమో! ఆ పథకం లేకపోయి ఉంటే అదే పిల్లలు ఎలా చదివేవారన్నది తేలితే తప్ప దాని గొప్పతనం తేలదు.

ఈ సంగతి తేల్చే పని ఎక్కడో కాదు, మన పల్లె బడుల్లోనే భారీ ఎత్తున జరిగింది. ఆ ఫలితాలు ప్రపంచమంతా ఆర్థికశాస్త్ర పాఠాలయ్యాయి. ఆ బడుల్లో పిల్లల్ని చదివించిన తల్లిదండ్రుల దాకా మాత్రం పెద్దగా రాలేదు.

చీటీ తీసి పంచారు

2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి ఈ ప్రయోగం మొదలుపెట్టాయి. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ దాన్ని నడిపించారు. కోస్తా, రాయలసీమ, తెలంగాణల్లో కలిపి 5 జిల్లాలు తీసుకున్నారు. జిల్లాకు 10 మండలాలు, మండలానికి 10 బడులు. మొత్తం 500 సర్కారు ప్రాథమిక పాఠశాలలు. వాటిని లాటరీ వేసి వందేసి బడుల చొప్పున 5 జట్లు చేశారు. మొదటి జట్టులో, పిల్లల మార్కులు పెరిగితే వాళ్ల టీచరుకు బోనస్. రెండో జట్టులో బడిలోని టీచర్లందరికీ కలిపి బోనస్. మూడో జట్టుకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరు. నాలుగో జట్టుకు పిల్లల సామగ్రి కోసం డబ్బు. ఐదో జట్టుకు వీటిలో ఏదీ లేదు. అందరితోపాటే పరీక్షలు, ఆ ఫలితాల మీద ఒక నివేదిక, అప్పుడప్పుడూ తరగతి చూసి వెళ్లే మనిషి... అంతే.

‘మా బడేం పాపం చేసింది?’ అని ఆ ఊరివాళ్లు అడిగితే తప్పులేదు. అయితే అన్ని బడులకూ ఇచ్చేంత డబ్బు మొదట్నుంచీ లేదు. ఎలాగూ కొందరికే ఇవ్వాల్సి వచ్చినప్పుడు, పలుకుబడి ఉన్నవాళ్ల ఊరికి ముందు పోవడం కంటే చీటీ తీయడమే న్యాయం. పైగా చీటీలో మంచి బడి, చెడ్డ బడి అన్న తేడా ఉండదు కాబట్టి, ఏడాది చివర జట్ల మధ్య కనిపించే తేడాకు ఆ పథకమే కారణమని ధైర్యంగా చెప్పొచ్చు.

నోటుపుస్తకాల కథ

అన్నిటికంటే ఆసక్తికరమైంది నాలుగో జట్టు కథ. పిల్లాడికి ఏడాదికి 125 రూపాయల చొప్పున బడికి ఇచ్చారు. ఆ డబ్బుతో టీచర్లు నోటుపుస్తకాలు, వర్క్‌బుక్కులు, పలకలు, బలపాలు కొన్నారు. సొమ్ము పక్కదారి పట్టలేదు. తొలి ఏడాది మార్కులు కాస్త పెరిగాయి కూడా. అక్కడితో లెక్క ఆపేసి ఉంటే పథకం భేష్ అని పత్రికల్లో ప్రకటనలు వచ్చేవి!

రెండో ఏడూ అంతే డబ్బు, అవే వస్తువులు. కానీ మార్కుల్లో పెరుగుదల లేదు. ఏమైంది? పరిశోధకులు పిల్లల ఇళ్లకెళ్లి చదువు ఖర్చులు అడిగారు. మొదటి ఏడాది ఆ డబ్బు వస్తుందని ఇంట్లోవాళ్లకు తెలీదు. ఎప్పట్లాగే పుస్తకాలు కొన్నారు. బడి ఇచ్చింది దానికి తోడైంది. రెండో ఏడాదికి సంగతి తెలిసింది. ‘ఎలాగూ బళ్లో ఇస్తారుగా’ అని తమ ఖర్చు తగ్గించుకున్నారు. చివరికి పిల్లాడి చేతిలో ఎన్ని నోటుపుస్తకాలుండేవో దాదాపు అన్నే ఉన్నాయి.

ఇందులో తల్లిదండ్రుల్ని తప్పుపట్టడానికేం లేదు. మిగిలిన రూపాయి ఇంట్లో బియ్యానికో, మందులకో ఉపయోగపడే ఉంటుంది. బీద ఇంటికి అదీ మేలే. కాకపోతే అది చదువు కోసం పెట్టిన పథకం. బీరువా తెరిచి పుస్తకాలు లెక్కపెట్టే అధికారికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. ఇంటి పద్దు చూస్తేనే తెలిసింది.

చూస్తున్నప్పుడే పాఠం

టీచరుకు బోనస్ ఇచ్చిన బడుల్లో ఫలితం బాగా వచ్చింది. మొదటి ఏడాది సగటు మార్కులు 5 శాతానికి మించి ఎంత పెరిగితే, ఆ పైనున్న ఒక్కో శాతానికి 500 రూపాయలు. పెద్ద సొమ్మేం కాదు. అయినా రెండేళ్లలో, వంద మందిలో సరిగ్గా మధ్యలో ఉండే పిల్లాడు లెక్కల్లో 10 స్థానాలు, తెలుగులో 7 స్థానాలు ముందుకు జరిగినంత మెరుగుదల కనిపించింది. బోనస్ పెట్టని సైన్సు, సోషల్‌లోనూ మార్కులు పెరిగాయి. తమాషా ఏమిటంటే టీచర్ల గైర్హాజరు మాత్రం తగ్గలేదు. వచ్చిన రోజుల్లోనే ఎక్కువ హోంవర్కు ఇచ్చారు, బడి అయ్యాక కూర్చోబెట్టారు, ప్రాక్టీసు పరీక్షలు పెట్టారు. ఐదేళ్లు గడిచేసరికి విడిగా ఇచ్చిన బోనస్సే నిలబడింది. అందరికీ కలిపి ఇచ్చింది అంతగా పనిచేయలేదు.

మరి నివేదిక మాత్రమే అందుకున్న ఐదో జట్టు? ఏ పిల్లాడు ఎక్కడ వెనకబడ్డాడో విడమరిచి రాసిన కాగితం టీచరు చేతికొచ్చింది. చూడటానికి వచ్చిన మనిషి ఉన్నంతసేపూ పాఠం దివ్యంగా సాగింది. ఏ నివేదికా అందని వేరే బడులతో పోలిస్తే ఏడాది చివర మార్కుల్లో తేడా సున్నా! ఎంఈవో వస్తున్నాడంటే బోర్డు మీద తేదీ మారే బడిలో చదివినవాళ్లెవరికీ ఇది వింతగా అనిపించదు. అవే నివేదికలు బోనస్ బడులకూ వెళ్లాయి. అక్కడ అవి ఉపయోగపడ్డాయని చెప్పిన టీచర్ల పిల్లలకు మార్కులూ బాగా వచ్చాయి. కాగితం ఒకటే, దాన్ని చదవాల్సిన అవసరమే వేరు.

అదనపు టీచర్ని ఇచ్చిన బడుల్లోనూ చదువు మెరుగైంది. ఆ కాంట్రాక్టు టీచర్ల జీతం రెగ్యులర్ టీచరు జీతంలో ఐదో వంతు. అందుకని ఇదే మందు అందరికీ పోసేస్తే కుదరదు. కెన్యాలో ఇలాంటి కాంట్రాక్టు టీచర్లను స్వచ్ఛంద సంస్థ నియమించిన చోట పిల్లలు బాగుపడ్డారు. అదే పని ప్రభుత్వం చేతికెళ్లిన చోట ఏ ప్రయోజనమూ కనిపించలేదు. నడిపే చేతులు మారితే పథకం పేరు అదే ఉన్నా ఫలితం మారిపోతుంది.

ప్రైవేటు బడికెళ్తే?

ఇక ప్రతి ఇంట్లోనూ నలిగే ప్రశ్న... సర్కారు బడా, ప్రైవేటు బడా? దీనికీ చీటీలే తీశారు. 2008లో 180 ఊళ్లు తీసుకుని, వాటిలో సగం ఊళ్లను లాటరీలో ఎంపిక చేశారు. ఆ ఊళ్లలో దరఖాస్తు పెట్టుకున్న కుటుంబాల్లో మళ్లీ లాటరీ వేసి, గెలిచిన పిల్లలకు ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్లు గమనించారు.

తెలుగులో, లెక్కల్లో గెలిచినవాళ్లకూ గెలవనివాళ్లకూ తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు చాలా ముందున్నారు. సర్కారు ప్రాథమిక బడిలో హిందీ లేకపోవడమే కారణం. ప్రైవేటు బడులు తెలుగుకూ లెక్కలకూ తక్కువ సమయం ఇచ్చి, ఆ సమయాన్ని ఇతర సబ్జెక్టులకు వాడాయి. పిల్లాడి మీద పెట్టే ఖర్చు సర్కారు బడిలో పెట్టేదాంట్లో మూడో వంతు కూడా లేదు. ప్రైవేటును మెచ్చుకునేవాళ్లకు ఖర్చు దొరికింది, విమర్శించేవాళ్లకు మార్కులు దొరికాయి. ఎవరి అంకె వాళ్లు పట్టుకుపోయారు!

అందులోనే మరో సూచన ఉంది. తెలుగు మీడియం సర్కారు బడి నుంచి ఇంగ్లిషు మీడియం ప్రైవేటు బడికి మారిన పిల్లలు ఇతర సబ్జెక్టుల్లో తడబడినట్టూ, తెలుగు మీడియం ప్రైవేటు బడికి వెళ్లినవాళ్లు రాణించినట్టూ కనిపించింది. ఇది గట్టి తీర్పు కాదు, ఆనవాలు మాత్రమే అని పరిశోధకులే అన్నారు. ఆ తర్వాత 2019లో ఆంధ్రప్రదేశ్, 2022లో తెలంగాణ సర్కారు బడుల్లో ఇంగ్లిషు మీడియం పెట్టాలని నిర్ణయించాయి. భాషాభిమానం ఒకవైపు, ఉద్యోగాల ఆశ మరోవైపు. వాదనలు హోరెత్తాయి. కూలికెళ్లే తల్లి ఇంగ్లిషు కోరుకోవడంలో అన్యాయం ఏమీ లేదు. కానీ మూడో తరగతి పిల్లాడు భాగహారాన్ని ఏ భాషలో చెబితే త్వరగా పట్టుకుంటాడన్నది అభిమానంతోనో ఆశతోనో తేలేది కాదు, కొలిచి చూడాల్సిన సంగతి.

అన్ని బడుల్లో ఒకే రోజు మొదలుపెడితే పోల్చుకోవడానికి ఏ బడీ మిగలదు. చీటీ తీసి, సగం మండలాల్లో ఈ ఏడు, మిగతా సగంలో వచ్చే ఏడు మొదలుపెడితే చాలు. ఏడాది ఆగాల్సిన ఊళ్లు గొడవ చేస్తాయి, నిజమే. వాళ్లకు వచ్చే ఏడాది అందేది, అప్పటికే ఒకచోట పరీక్ష రాసి వచ్చిన పథకం. అందుకు అదనంగా కావాల్సింది పరీక్ష కాగితాలు, వాటిని దిద్దే మనుషులు, ఆ మార్కుల్ని దాచకుండా బయటపెట్టే ఒక అధికారి.