కుక్కపిల్ల ఇల్లు పాడుచేస్తోందా? చెయ్యెత్తే ముందు ఇది చదవండి



ఎప్పుడూ మినుముకి పల్లాకు తెగులనీ, మొక్కజొన్నకి కత్తెర పురుగనీ రాసేవాణ్ణి, ఈరోజు కుక్కపిల్ల గురించి రాస్తున్నానేంటా అనుకోకండి. మన ఊళ్ళల్లో చాలా ఇళ్ళల్లో కుక్క ఉంటది. దాన్ని తెచ్చుకోవడం అందరికీ తెలుసు. ఇంట్లో ఒంటికి, రెంటికి పోకుండా అలవాటు చేయడం మాత్రం ఎవరూ నేర్పలేదు. నాకూ తెలీదు. తెలీక ఒక పాపం చేశాను. ముందు అది చెప్తాను.

మూడేళ్ళ క్రితం ఒక పిల్లని తెచ్చాం. వరండాలో పోసేది, వంటింటి గడపలో పోసేది. మా నాన్న వాళ్ళు ఎట్లా చేసేవాళ్ళో నేనూ అట్లాగే చేశా. మెడ పట్టుకుని మూతి దాంట్లో రుద్ది రెండు పీకేవాణ్ణి. వారం తిరిగేసరికి అది నేను కనపడితే తోక ముడిచి మంచం కిందకి దూరేది. ఇంట్లో పోయడం మాత్రం ఆగలా. చాటుగా బియ్యం బస్తాల వెనక పోయడం మొదలెట్టింది. వాసన పట్టుకుని బస్తా జరిపి చూసిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ రాత్రే గోతాంలో వేసి, బండి మీద కాలవ అవతలికి తీసుకుపోయి వదిలేసి వచ్చా. పాపకి మాత్రం పారిపోయిందని చెప్పా. పది రోజులు బడి నుంచి వస్తూ దారంతా పిలుచుకుంటూ వచ్చింది.

ఈ ఏడు సంక్రాంతి అయ్యాక పొలంలో పందుల బెడద ఎక్కువై మళ్ళీ ఒక పిల్లని తెచ్చా. రెండు నెలల పిల్ల. మా అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "ఈసారి కూడా గోతాంలో పెట్టే పనైతే ఇప్పుడే తీసుకుపోరా, ఆ పిల్లదాని ఏడుపు నేను మళ్ళీ చూళ్ళేను" అంది. ఏం మాట్లాడతాం? మర్నాడే దాన్ని పశువుల డాక్టరు గారి దగ్గరికి తీసుకుపోయా. మందుతో పాటు ఆయన చెప్పిన నాలుగు మాటలే నన్ను కాపాడినై.

రెండు నెలల పిల్ల మూత్రం ఆపుకోగలిగేది మహా అయితే రెండు గంటలు. మూడు నెలలకి మూడు గంటలు, అంతే లెక్క. అది పొగరుతో పోయట్లా, దాని ఒళ్ళే అంత. పైగా అది పోసే వేళలు మనకి ముందే తెలుసు. నిద్ర లేవగానే, తిన్న కాసేపటికి, ఆడి అలిసిపోయినప్పుడు. నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరిగితే ఇక క్షణం ఆగదు. కాలవ నీళ్ళు మన వంతు ఎప్పుడొస్తదో తెలిస్తే ముందే పోయి బోదె బాగుచేసుకుంటాం కదా. గట్టు తెగాక నీళ్ళని తిడితే ఏం లాభం? ఇదీ అంతే.

నేను చేసింది ఇది. పెరట్లో గడ్డివామికీ, బోరుకీ దూరంగా వేపచెట్టు పక్కన ఒక మూల చూశా. లేవగానే, తిన్నాక, ఆడాక, పగలు రెండు గంటలకోసారి అదే తలుపులోంచి అదే మూలకి తీసుకుపోయి "కానీ" అనేవాణ్ణి. ఆ మాట కూడా మార్చలేదు. పోసిన వెంటనే, అక్కడే, వీపు నిమిరి ఉడికిన గుడ్డు ముక్క గోరంత పెట్టేవాణ్ణి. ఇంట్లోకొచ్చాక పెడితే ఎందుకు పెట్టామో దానికి తెలీదు. తిండి కూడా రోజూ ఒకే వేళకి పెట్టాం. తినే వేళ కుదిరితే పోయే వేళ కుదురుద్ది.

రాత్రికి మా అమ్మే ఉపాయం చెప్పింది. కోళ్ళ గంప. నా మంచం పక్కనే గోనెపట్టా పరిచి, పిల్లని పడుకోబెట్టి పైన గంప బోర్లించేవాళ్ళం. కుక్క తను పడుకునే చోట సాధ్యమైనంత వరకు పాడుచేసుకోదు. ఇబ్బందైతే కుయ్‌మంటది. మొదటి రెండు వారాలు రాత్రికి రెండుసార్లు లేచా. నీళ్ళు కట్టడానికి లేచే మనకి అదేం కొత్త కాదు. కానీ పగలు పొలం పోతూ పొద్దస్తమానం గంప కింద పడేయకండి. అది శిక్ష అయిపోద్ది.

ఇంట్లో పోసిన చోట ఫినాయిల్ కొడితే మనకి వాసన పోద్ది, దాని ముక్కుకి పోదు. వాసన ఉన్న చోటికే మళ్ళీ వస్తది. పాత గుడ్డతో మొత్తం అద్ది, సర్ఫు నీళ్ళతో రెండుసార్లు కడగండి. మట్టి నేలైతే పైమన్ను చెక్కి తీసేసి అలకండి.

ఇంత చేసినా పన్నెండో రోజు తప్పు జరిగింది. మినుములు పట్టా మీద ఎండబోసి, సాయంత్రం కుప్ప చేసి వరండాలో పెట్టాం. నేను పిల్లని వదిలేసి, ఎరువు బస్తాలు వచ్చాయంటే పోయా. వచ్చేసరికి కుప్ప మీద పోసి ఉంది. చెయ్యి దానంతటదే లేచింది. పాప గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఏడవలా, అరవలా. "నాన్నా, ఇది కూడా పారిపోద్దా?" అంది.

అంటే దానికి అప్పుడే తెలుసన్నమాట. మూడేళ్ళు నా అబద్ధాన్ని నా కోసమే మోసింది.

చెయ్యి దించేశా. ఆ కుప్ప పక్కనే కూర్చుని పాపకి నిజం చెప్పా. "అది పారిపోలేదమ్మా, నేనే వదిలేసొచ్చా. తప్పు చేశా" అన్నా. పాప ఏం మాట్లాడలేదు. కాసేపటికి చేట తెచ్చి తడిసిన మినుములు ఎత్తి పక్కన పోసింది. ఒక నాలుగు కిలోలు పోయినై. ఆ తప్పు పిల్లది కాదు, రెండు గంటలు దాటినా చూసుకోని నాది.

అయిపోయిన తప్పుకి కొడితే కుక్కకి అర్థమయ్యేది ఒక్కటే, మనిషి ముందు పోయకూడదని. అందుకే చాటు వెతుక్కుంటది. అప్పుడు మనం బయటికి తీసుకుపోయినా మన ముందు పోయదు. నా పాత పిల్ల బస్తాల వెనక్కి ఎందుకు పోయిందో నాకు మూడేళ్ళకి అర్థమైంది. పోస్తుండగా కనపడితే చప్పట్లు కొట్టి ఎత్తుకుని బయటికి తీసుకుపోండి, చాలు.

ఇంకో రెండు మాటలు. కుక్క పెంట పశువుల మేతలో కలవనివ్వకండి. దాంట్లో ఉండే ఒక రకం పరాన్నజీవి వల్ల ఆవులు ఈసుకుపోతాయి. పిల్లలకి నులిపురుగులు రావచ్చు. అందుకే ఒక మూల అలవాటు చేసి, రోజూ పారతో ఎత్తి గొయ్యిలో పూడ్చండి. నట్టల మందు, ఆరేడు వారాల నుంచి పార్వో టీకాలు, మూడు నెలలకి రేబిస్ టీకా, తర్వాత డాక్టరు చెప్పినట్టు ఏటేటా తప్పక వేయించండి. పార్వో టీకాలు పూర్తయ్యేదాకా ఊరకుక్కలు తిరిగే చోట దింపకండి. జులై 6న జూనోసిస్ దినం పేరుతో పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు, వాడుకోండి. ఎవరినైనా కుక్క కరిస్తే ముందు పదిహేను నిమిషాలు సబ్బుతో పారే నీళ్ళ కింద కడిగి, వెంటనే ఆసుపత్రికి పోండి. పసర్లు, కారాలు పెట్టొద్దు.

మనం గోతాంలో వేసి వదిలిన పిల్లే టీకా లేని వీధికుక్క అవుద్ది. రేపు బడికి పోయే ఏ పిల్లనో కరిచేది అదే.

మా పిల్లకి ఇప్పుడు ఐదో నెల. ఇంట్లో పోసి నెల దాటింది. తెల్లారుజామున వచ్చి తలుపు గీకుద్ది. పాపే ముందు లేచి గడియ తీస్తది. కాలవ గట్టు మీద పోయినప్పుడల్లా నేను మాత్రం ఇప్పటికీ అవతలి ఒడ్డు వైపు చూస్తా.

మీ ఇంట్లో కొత్త పిల్ల ఉంటే ఒక్క నెల ఓపిక పట్టండి. దూడకి పలుపు అలవాటు చేసినంత పని కూడా కాదు.

ఉంటాను.