స్తంభానికీ మీటరుకూ మధ్య

జూన్ 12
రాత్రంతా గాలివాన. ఎదురింటి పిన్నిగారి దాబా మీద సర్వీస్ వైరు రేకుల షెడ్డు అంచుకు ఆనుకుని మీటరుకు దిగుతుంది. గాలికి ఊగినప్పుడల్లా రేకు కోస్తూ వచ్చింది. నల్ల తొడుగు చిట్లి లోపలి అల్యూమినియం మెరుస్తోంది. మేడెక్కవద్దని అందరికీ చెప్పి లైన్‌మన్‌కు ఫోన్ చేశాను.

“ఇంట్లో ఎమ్‌సీబీ ఉందిగా బాబూ, అదే పడిపోదూ?” అన్నారు పిన్నిగారు.

పడదండీ. ఎమ్‌సీబీ అయినా, 30 మిల్లీయాంపియర్ల లీకుకే పడే ఆర్‌సీసీబీ అయినా మీటరు దాటాక ఉన్న వైరింగుకే కాపలా. స్తంభం నుంచి మీటరు దాకా ఉన్న ముక్కకు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఫ్యూజే దిక్కు. అది వీధి లోడంతా మోసేది, మనిషి ప్రాణం తీసే కరెంటుకు కదలనైనా కదలదు. ఆ ముక్కను తొడుగే కాపాడాలి.

జూన్ 13
సప్లై ఆపించాకే లైన్‌మన్ నిచ్చెన వేశాడు. అతుకు వద్దని కొత్త వైరే లాగాడు. గోడకు రేకు కన్నా ఎత్తుగా జీఐ పైపు నిలబెట్టి, వాననీళ్లు దిగకుండా పై కొనను కిందికి వంచాడు. కోసిన పైపు మూతి లోపల వేలితో తడిమి, గరుకు తగిలిన చోట ఆకురాయితో గీసి, మళ్లీ తడిమి, అప్పుడు బుష్ తొడిగాడు. ఎంత ఓపికో! అక్కడ గరుకు మిగిలితే పైపే వైరును కోసేస్తుంది.

జూన్ 16
పక్క సందులో సర్వీస్ వైరును మోసే జీఐ తీగ మీద తడి చీర ఆరేసి ఉంది. వైరు తొడుగు ఒరిసిందంటే ఆ తీగలోనూ కరెంటే. ఇనుప దండెం తగిలి చనిపోయిన వాళ్ల వార్తలు వానాకాలంలో చదువుతూనే ఉంటాం, చదివినప్పుడల్లా కడుపు రగులుతుంది. నైలాన్ తాడు కట్టుకుంటే పోయేదేముంది!

జూన్ 17
కోతులు కొబ్బరి మట్ట మీంచి సర్వీస్ వైరు మీదికి దూకుతున్నాయి. ఆ మట్ట నరికించాలి.

జూన్ 24
చెల్లెలి అపార్ట్‌మెంటు ముందు నీళ్ల పైపు కోసం జేసీబీ తవ్వుతోంది. అక్కడే భూమిలో కేబుల్. ఐఎస్ 1255 ప్రకారం ఎల్‌టీ కేబుల్ 75 సెంటీమీటర్ల లోతున, ఇసుక పరుపు మీద, పైన ఇటుకలతో ఉండాలి. పలుగుకు ఇటుక తగిలితే కూలీ ఆగి చూస్తాడు. జేసీబీ పన్నుకు ఆ స్పర్శ తెలియదు. కేబుల్ తెగితే వెంటనే తెలుస్తుంది. పైతొడుగు గీసుకుంటేనే నాకు ఎక్కువ భయం, ఎవరూ చూడకుండా మట్టి కప్పేస్తారు, తడి లోపలికి చేరి ఎప్పుడో పేలుతుంది. మేస్త్రీతో మాట్లాడాను. కేబుల్ దాటే చోట చేత్తోనే తవ్విస్తానన్నాడు. ఇటుకలు కనిపించేదాకా అక్కడే నిలబడ్డాను.