భద్రాద్రిలో తేలని లెక్క

గోలకొండ కోటను నేను నాలుగైదు సార్లు చూశాను. చుట్టాలు వచ్చినప్పుడల్లా చూపించక తప్పదు గదా! కిందటి మాఘమాసంలో మాత్రం మా మనవణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. వాడికి ఎనిమిదేళ్ళు. రెండడుగులు నడిస్తే నాలుగు ప్రశ్నలు వేస్తాడు.

ఫతే దర్వాజా కమాను కింద నిలబడి చప్పట్లు కొడితే, ఎక్కడో కొండ కొమ్మునున్న బాలాహిస్సారులో వినిపిస్తాయని మీకు తెలిసే వుంటుంది. మావాడు చేతులు కందిపోయేలా కొట్టాడు. తర్వాత మెట్లెక్కుతూ రామదాసు బందిఖానా దగ్గర ఆగాం. చీకటి గుయ్యారం. పైనెక్కడో వున్న సందులోంచి కాస్త వెలుతురు పడుతోంది. గోడ మీద రాముడు, లక్ష్మణుడు, హనుమంతుడు. అవి రామదాసు స్వయంగా చెక్కుకున్న బొమ్మలని చెబుతారు.

నేను కథ చెప్పాను. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. తానీషా కొలువులో మంత్రాంగం నడిపిన అక్కన్న, మాదన్నలు ఆయన మేనమామలు. భద్రగిరి మీద శిథిలంగా వున్న రాముడి కోసం గుడి కట్టించాడు, నగలు చేయించాడు. సర్కారు శిస్తు సొమ్ము అందుకు ఖర్చయింది. దానికి శిక్షగా పన్నెండేళ్ళు ఈ చెరలో వున్నాడని జనశ్రుతి.

మావాడు అంతా విని, “తాతయ్యా, కింద చప్పట్లు కొడితే పైదాకా వినిపిస్తుందిగా. మరి పన్నెండేళ్ళు ఈయన పిలుస్తూంటే దేవుడికి వినపళ్ళేదా?” అన్నాడు.

“పొద్దు పోతోంది, పద ఇంటికి” అన్నాను.

జవాబు తెలియక కాదండీ, ఆ ప్రశ్న నాదే గనుక. మా ఇంటావిడ కాలం చేసి అప్పటికి రెండేళ్ళయింది. ఆపరేషనుకు ముందు రోజు నూటపదహారు రూపాయలు పసుపుగుడ్డలో మూటగట్టి, గట్టెక్కితే భద్రాచలం వచ్చి చెల్లించుకుంటానని ముడుపు కట్టింది. గట్టెక్కలేదు. ముడుపు దేవుడి గూట్లో అలాగే వుండిపోయింది. నేను ముప్ఫయి అయిదేళ్ళు జమాఖర్చులు రాసినవాణ్ణి. సరుకు అందకుండా బిల్లు చెల్లించిన పాపాన ఎన్నడూ పోలేదు. ఆ రోజు నుంచి దీపం మా కోడలే పెడుతోంది. నేను ఆ గూటికి వీపు పెట్టి పేపరు చదువుకుంటున్నాను.

చైత్రంలో భద్రాచలం నుంచి మా అక్కయ్య ఫోను చేసింది. “ముడుపు ఇంట్లో పెట్టుకుని కూచోకూడదురా. నవమి రద్దీ తగ్గాక పట్టుకురా” అంది.

“అది చెల్లదక్కయ్యా” అన్నాను.

“చెల్లుతుందో లేదో వచ్చి ఆయనకే చెప్పు. నాకెందుకు చెబుతావూ?” అని ఫోను పెట్టేసింది.

సికింద్రాబాదులో రాత్రి రైలెక్కితే తెల్లవారేసరికి భద్రాచలం రోడ్డు స్టేషను. పేరు చూసి మోసపోకండి. ఆ స్టేషను వున్నది కొత్తగూడెంలో. రాముడు ఇంకా నలభై కిలోమీటర్ల అవతల వున్నాడు. బస్సు పాల్వంచ మీదుగా పోతుంది. గోపన్న ఉద్యోగం వెలగబెట్టిన పాల్వంచలో ఇప్పుడు విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలు కనిపిస్తాయి. ఆ తర్వాత అడవి, టేకుచెట్లు. సారపాక దాటగానే ఒక్కసారిగా గోదావరి! 1965లో వంతెన కట్టేదాకా యాత్రికులు పడవల మీదే దాటేవారు. వేసవి గనుక నీరు సన్నగా, ఇసుకతిన్నెల మధ్య సాధువులా పారుతోంది. ఎదుటి గట్టున గుడి గోపురం. బస్సులో అందరూ చేతులు జోడించారు. నేను సంచీలో ముడుపు వుందో లేదో తడుముకున్నాను.

అక్కయ్య ఇల్లు వూళ్ళో పల్లపు భాగాన వుంది. గోడ మీద నా తలకంటే ఎత్తున మట్టిచార ఒకటి కనిపించింది.

“సున్నం వేయించలేదా?” అన్నాను.

“వేయించాను. పైకి తేలుతుంది” అంది.

అది 2022 జులై నాటి వరద గుర్తు. ఇక్కడ గోదావరి నలభై మూడడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండవది, యాభై మూడుకు మూడవది. ఆ నెల పదహారున డెబ్భయి ఒక్క అడుగులు దాటింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. దాన్ని మించింది 1986 ఆగస్టులో వచ్చిన వరద ఒక్కటే. అప్పుడు డెబ్భయి అయిదడుగులు దాటింది. అక్కయ్య రెండూ చూసింది. మొదటిసారి బియ్యం బస్తాలు పోయాయి. రెండోసారి మా బావగారి ఫోటో పోయింది. ఆయనకు వున్నది ఆ ఒక్క ఫోటోనే.

“అన్నీ పోయినా అలా గుడికి ఎలా పోతున్నావక్కయ్యా?” అని అడిగాను.

“ముందు స్నానం చెయ్యి” అంది.

సాయంత్రం గుట్ట ఎక్కాం. గర్భగుడిలో రాముడు నాలుగు చేతులతో వున్నాడు. ఎడమ తొడ మీద సీతమ్మ, పక్కన లక్ష్మణస్వామి. శంఖం కుడిచేత, చక్రం ఎడమచేత పట్టి వుండటం ఇక్కడి విశేషం. దానికి స్థలపురాణం ఒక కారణం చెబుతుంది. భద్రుడనే మహర్షికి, సీతను వెతికి తెచ్చుకున్నాక తిరిగి వస్తానని రాముడు మాటిచ్చాడట. అవతారం చాలించి వైకుంఠానికి వెళ్ళిపోయాక గానీ ఆ మాట గుర్తుకు రాలేదట. వెంటనే హడావిడిగా బయలుదేరి, ఆ తొందరలో శంఖచక్రాలు చేతులు మార్చి పట్టుకుని, నాలుగు చేతులతోనే వచ్చేశాడట. ఆ భద్రుడే కొండగా మారి ఆయన్ని తల మీద నిలుపుకున్నాడట.

“చూశావా, ఆలస్యమైందని ఆయనకీ తెలుసు. తొందరలో ఏది ఏ చేత పట్టాడో కూడా చూసుకోలేదు” అంది అక్కయ్య.

ఆ తర్వాత ఎన్నో యుగాలకు, పుట్టలో వున్న ఆ మూర్తిని పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ కనుక్కుని, తాటాకు పందిరి వేసి, తాటిపళ్ళు నివేదించిందంటారు. తాటాకు పందిరిలో వున్నవాడికి గుడీ, నగలూ గోపన్న అమర్చాడు. ఆయన చేయించినవని చెప్పే నగలు ఆలయంలో నేటికీ వున్నాయి.

దర్శనమయ్యాక కరకట్ట మీద కూచున్నాం. ముడుపు ఇంకా నా చేతిలోనే వుంది.

“నీకు తెలిసిన లెక్కే చెబుతాను విను” అంది అక్కయ్య. “చెరలో రామదాసు నోరు మూసుకుని కూచున్నాడా? ఏ నగకి ఎన్ని వరహాలయిందో ఒక్కొక్కటే లెక్కగట్టి అడిగాడు. ఎవరబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీశాడు. మళ్ళీ, దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను, ఏమనుకోకని ఏడ్చాడు. అంత తిట్టినా తిట్టింది తానీషాని కాదురా, రాముణ్ణి. తనవాడు గనుక తిట్టాడు. పరాయివాణ్ణి ఎవరు తిడతారు?”

నేను మాట్లాడలేదు.

“వరదప్పుడు పునరావాస కేంద్రంలో వున్నాం. రాత్రి గుట్ట వైపు తిరిగి నోటికొచ్చినట్టు తిట్టాను. ‘నువ్వు ఎత్తు మీద కూచున్నావు, నీకేం’ అన్నాను. నా ఫోటో తెచ్చిపెట్టమన్నాను. తేలేదు. కానీ తిట్టి తిట్టి నిద్రపోయాను. మూడు రోజుల తర్వాత అదే మొదటి నిద్ర. నువ్వు రెండేళ్ళుగా ఆయనతో మాట మానేశావు. తిట్టేవాళ్ళ గురించి నాకు బెంగలేదు. మాట్లాడనివాళ్ళ గురించే బెంగ.”

చీకటి పడుతోంది. నది మీద నుంచి గాలి వీస్తోంది. రామదాసు కథలో చివరిభాగం నాకు జ్ఞాపకం వచ్చింది. ఒక రాత్రి రామోజీ, లక్ష్మోజీ అనే ఇద్దరు తానీషా పడకగదికి వెళ్ళి ఆరు లక్షల మొహరీలు కట్టి, రసీదు తీసుకున్నారట. రసీదు అడిగిన దేవుడు! జమాఖర్చులు రాసినవాడికి ఇంతకంటే ఆప్తుడెవరు? అయితే దర్శనమిచ్చింది చెరవేసినవాడికే గాని పన్నెండేళ్ళు పిలిచినవాడికి కాదు. ఆ భాగ్యం కలిగిన తానీషా తర్వాత ఏమయ్యాడు? 1687లో ఔరంగజేబు గోలకొండను పట్టుకుని, ఆయన్ని దౌలతాబాదు కోటకు పంపాడు. చివరిదాకా ఆయన అక్కడ బందీగానే గడిపాడు. ఆయన కాలంలో వచ్చిందని చెప్పే ముత్యాల తలంబ్రాల ఆచారం మాత్రం ఆగలేదు. ఏటా నవమినాడు ప్రభుత్వం తరపున ఈ కొండకు ముత్యాలు వస్తూనే వున్నాయి. లెక్కలు మనం అనుకున్న వరసలో తేలవన్నమాట.

మర్నాడు తెల్లవారుజామున ఒక్కణ్ణే గుట్ట ఎక్కాను. జనం పలచగా వున్నారు. స్తంభం పక్కన నిలబడి పెదవి కదపకుండా మొదలుపెట్టాను. సరుకు అందలేదన్నాను. ఆవిడ నిన్ను నమ్మి వెళ్ళిందన్నాను. ఆసుపత్రిలో ఆఖరు రాత్రి గొంతు పెగలక పెదవులతో నీ పేరే అందన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి ఇక్కడ రాయను. కళ్ళు తుడుచుకుని చూస్తే, ఎప్పుడు మొక్కానో గాని చేతులు జోడించే వున్నాయి.

ఆవిడ ఆఖరు రాత్రి ఒంటరిగా లేదన్న సంగతి అప్పుడు తట్టింది. నేను కుర్చీలో కునుకు తీసినప్పుడు కూడా ఆవిడ ఎవరితోనో మాట్లాడుతూనే వుంది.

ముడుపు హుండీలో వేశాను. రసీదు అడగలేదు.

ఇంటికి రాగానే మావాడు ప్రసాదం పొట్లం లాక్కుంటూ, “వినిపిస్తుందటనా తాతయ్యా?” అన్నాడు. వాడు మరిచిపోయాడనుకున్నాను!

“పన్నెండేళ్ళు వినేవాడు లేకుండా ఎవరైనా మాట్లాడతారట్రా?” అన్నాను.

వాడికి అర్థమైందో లేదో గాని లడ్డూ మీద పడ్డాడు. ఆ సాయంత్రం కోడలు ఒత్తి వెయ్యబోతుంటే, “నేను పెడతానమ్మా” అన్నాను. నాకూ ఆయనకూ మధ్య లెక్క ఇంకా తేలలేదు. కానీ ఖాతా మూసెయ్యలేదు.