అటకెక్కిన గంగాళం

జగిత్యాల కోటను చూడబోయినవారు దాని నక్షత్రాకారాన్ని మెచ్చుకుని, 1747 నాటి కట్టడమని విని, కందకం దగ్గర ఒక ఫోటో తీయించుకుని తిరుగు బస్సు ఎక్కుతారు. ఎక్కే ముందు పాత ఊరి సందుల్లోకి కూడా ఒకసారి తొంగి చూడమని నా మనవి. ఇంకా కూలని పెంకుటిళ్ళ పెరట్లో బండలు పరిచిన జాలారి కనబడుతుంది. జాలారి అంటే స్నానాల చోటని కోస్తా పాఠకులకు చెప్పవలసి ఉంటుంది. దాని మూల మట్టిపొయ్యిలో సగం పూడుకుపోయిన రాగి కాగు. పక్కనే వెడల్పు నోరు, బాన పొట్ట, రెండు కడియాలతో గంగాళం. కాగులోని వేన్నీళ్ళకు గంగాళంలో చన్నీళ్ళు తోడుచేసి చెంబుతో ముంచి పోసుకోవడమే స్నానం. దొరలు తొట్టిలో కూర్చుంటారు, మనం తొట్టి పక్కన కూర్చుంటాం. తేడా అంతే.

ఆ దొరల తొట్టి పుట్టుక తమాషా అయినది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో 1883లో కోలర్ అనే ఇనుప సామాన్ల తయారీదారు పోత ఇనుముతో చేసిన పశువుల తొట్టికి ఎనామిల్ పూత పూసి, నాలుగు కాళ్ళు తగిలించి, స్నానపు తొట్టిగా అమ్మాడని ఆ కంపెనీవారే చెప్పుకుంటారు.

ఇనుముకు ఈ సీమ గొడ్డుపోయినది కాదు. కోరుట్ల నుంచి పడమటగా మెట్‌పల్లి దాటి వెళితే కోనసముద్రం వస్తుంది. అక్కడ మూసల్లో కరిగించిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు వచ్చేవారని డాక్టర్ వాయిసీ రాసిన వ్యాసం 1832లో అచ్చయింది. అంతటి ఉక్కు చేసిన సీమవారు కూడా నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి తుప్పుపట్టని రాగినీ ఇత్తడినీ నమ్ముకున్నారు!

కోరుట్లలో ఇప్పుడు కొత్త మేడలు చాలా లేచాయి. గల్ఫ్ డబ్బు చాలావాటికి పునాది. వాటిలో గీజరుంటుంది, జాలారి ఉండదు. పాత ఇల్లు పడగొట్టే రోజున గంగాళం తూకానికి వెళ్ళిపోతుంది. అటువంటి ఇంటి ముందు ఒకనాడు తరాజు చూశాను. దుబాయిలో ఉన్న కొడుకు ఫోనులో ఖాయం చేసిన బేరం. మసి బరువుకని వ్యాపారి రెండు కిలోలు తగ్గిస్తానన్నాడు. తగ్గించనీయకూడదని మనుమరాలు చింతపండు పులుసుతో తోమింది. కడియం కింద చుక్కలు చుక్కలుగా అక్షరాలు తేలాయి.

"ఇది మా అమ్మ పేరు బిడ్డా. నా లగ్గంల పెట్టింది" అన్నది ముసలమ్మ.

"గట్లయితే బాపుకు ఏం చెప్పాలె?"

"కాగు అమ్మినమని చెప్పు. గంగాళం పోలేదని చెప్పు."

వ్యాపారి కాగు ఒక్కటే తూచుకుని వెళ్ళాడు. డబ్బు సగమైంది. ఇంటి గుత్తేదారుకు ఆ వారం ఇవ్వవలసిన బాకీ అలాగే ఉండిపోయిందని తరువాత తెలిసింది.

అటక మీద గంగాళమున్నవారు, లేక పాతసామాను దుకాణంలో కొనదలచినవారు ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే లోపల ఇనుమున్నట్టే. కడియం కింద కొద్దిగా గీకితే ఎరుపు రాగి, పసుపు ఇత్తడి. కంచరి సుత్తితో సాగదీసినదైతే ఒంటినిండా చిన్న చిన్న పల్లాలుంటాయి. యంత్రం మీద చేసినదైతే గుండ్రని గీతలు కనబడతాయి. వేలితో కొడితే మంచిది గణగణ మోగుతుంది, పగిలినది బొంగురు పోతుంది. ఎర్రటి ఎండలో బోర్లించి, తల లోపల పెట్టి, చుట్టూ గోనె కప్పుకుని చూడండి. సన్నని బెజ్జముంటే నక్షత్రంలా మెరుస్తుంది. వీధివారు నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక బాగుచేయడం. స్నానాలగది కడిగే యాసిడ్ మాత్రం దగ్గరికి రానీయవద్దు. అది ఇత్తడిలోని జింకును తినేసి ఎర్రమచ్చలు మిగులుస్తుంది. గారకు చింతపండు, ఉప్పు, ఒక రాత్రి ఓపిక చాలు. సొట్టలు తీయడానికి కర్రసుత్తి కావాలి. ఇత్తడి దెబ్బలకు బిరుసెక్కి చిట్లుతుంది కనుక నడుమ నడుమ కాల్చి మెత్తబరచాలి. తెలిసిన చేయి లేకపోతే సొట్టనే ఉంచుకోవడం మేలు. సీసం కలిసిన మాటు నీళ్ళ గంగాళానికి సరిపోతుంది గాని పొయ్యిమీది కాగు అడుక్కు పనికిరాదు. నీళ్ళు ఇంకిపోయిన వేళ కరిగి జారిపోతుంది. కాగుకు ఇత్తడితో గట్టి అతుకే వేయించాలి. కళాయి వేస్తామని ఎవరైనా అడిగితే తొందరపడకండి. తగరం 232 డిగ్రీలకే కరిగే లోహం. వంటపాత్రకు అది తప్పనిసరి, స్నానపు నీళ్ళకు అక్కరలేదు.

వేములవాడ రాజన్న దర్శనం చేసుకుని పది పన్నెండు కిలోమీటర్లు సాగితే సిరిసిల్ల. 2016లో జిల్లాకేంద్రమైన మరమగ్గాల ఊరు. సందుల్లో మగ్గాల చప్పుడుకు పక్కమనిషి మాట వినబడదు. ఆ సందుల్లో గంగాళం కొనవలసివస్తే, మోగించి చూసే పని కరెంటు పోయినప్పుడు పెట్టుకోండి.