పిల్లి తెల్లారకముందే లేపుతోందా?

పిల్లిని పెంచుకునే ఇళ్లల్లో అందరికీ తెలిసిన బాధే ఇది. ఇంకా చీకటి ఉండగానే మంచమెక్కి మొహం మీద కాలు వేస్తుంది, తలుపు గీకుతుంది, ఇల్లంతా లేచేదాకా అరుస్తుంది. దాని మీద కోప్పడకండి. తెల్లవారుజామున, మునిమాపు వేళ చురుగ్గా ఉండడం పిల్లి నైజం. వేటాడే జంతువు కదా!

మా ఇంట్లో పనిచేసిన పద్ధతి చెబుతాను. పడుకోబోయే ముందు తాడుకు ఈక కట్టి కాసేపు బాగా ఆడించి (ఆట అయ్యాక తాడు దాచేయాలి, మింగితే ప్రమాదం), వెంటనే ఆ పూట చివరి తిండి పెడతాం. వేట, తిండి, ఒళ్లు నాక్కోవడం, నిద్ర: దానికి అలవాటైన వరస అదే.

అన్నిటికన్నా ముఖ్యం, అరవగానే లేచి పెట్టకూడదు. అరిస్తే తిండి వస్తుందని నేర్చుకుంటుంది. లేచాక ముందు మొహం కడుక్కుని, కాఫీ పెట్టుకుని, ఆ తర్వాతే గిన్నె తీయండి. మొదట్లో గోల ఇంకా పెరుగుతుంది. అప్పుడు ఇంట్లో ఏ ఒక్కరు జాలిపడినా మళ్లీ మొదటికే వస్తుంది. కొట్టడం, నీళ్లు చల్లడం మాత్రం వద్దు. భయం తప్ప ఏమీ నేర్చుకోదు.

ఎప్పుడూ లేని ఆకలి హఠాత్తుగా మొదలైతే, తింటున్నా చిక్కిపోతుంటే, థైరాయిడ్, షుగర్, కడుపులో పురుగులు కారణం కావచ్చు. వయసు మీదపడిన పిల్లి అయితే మరీ జాగ్రత్త. ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరుకు చూపించండి.