మోరి లేని థింసా

1991లో మెటాలికా బ్లాక్ ఆల్బమ్ తెచ్చినప్పుడు పాత ఫ్యాన్స్ చాలామంది మొహం చిట్లించారు. వేగం తగ్గింది, పాటలు చిన్నవయ్యాయి, డబ్బుకి అమ్ముడుపోయారన్నారు. 1996లో ‘లోడ్’ వచ్చేసరికి గొడవ ఇంకా ముదిరింది. ఇదంతా నేను పుట్టకముందు ముచ్చట. అయినా అరకులో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆ పాటలు వింటుంటే నాకు మా థింసానే గుర్తొస్తుంది.

థింసా అంటే మోరి, కిరిడి, తుడుం, డప్పు, జోడుకొమ్ములు. ఇప్పుడు మా వైపు పెళ్లిళ్లలో అదే ఆట డీజే బాక్సుల మీద నడుస్తోంది. కుర్రాళ్లకు హుషారు, పెద్దలకు చిరాకు. మార్పు తప్పని నేననను, ఆ బాక్సుల ముందు నేనూ ఎగిరినదాన్నే.

కానీ ఒక తేడా ఉంది. మెటాలికా మారినా, వాయించింది మెటాలికానే. నచ్చనివాళ్లు 1986 నాటి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ పెట్టుకోవచ్చు. ఇక్కడ సౌండ్ మారితే మోరి ఊదే తాతకు పిలుపే రాదు. ఆయన ఊదేది ఏ యాప్‌లోనూ దొరకదు. పైగా ఆయన మన కాళ్లు చూసి ఊపు పెంచుతాడు. పెన్‌డ్రైవ్ ఎవరి కాళ్లూ చూడదు.

అందుకే ఈసారి మా ఇంట్లో పెళ్లికి నేనో షరతు పెట్టా. డీజే ఉండనీండి, ముందు గంటసేపు మాత్రం మోరి. ఫోన్‌లో రికార్డ్ చేసే పని నాది.